నేను కొట్టేసిన మంగళవారం పేజీ

ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ కోర్సు మంచిది, ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారు, షుగర్ విభాగంలో చేరాలా కిడ్నీ విభాగంలో చేరాలా అని అడుగుతారు. ఓపిగ్గానే చెబుతాను. "మీ వల్ల ఎవరికైనా చెడు జరిగిందా సార్" అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, పోయిన వేసవిలో, యాభై నాలుగో ఏట మానేశాను. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పాను. నొప్పులున్న మాట నిజమే, కానీ వాటివల్ల మానలేదు. కొంతకాలంగా నా గదిలో నేను చెప్పే మాటలు నాకే వినబుద్ధి కావడం మానేసింది.

నా వీడ్కోలు సభలో మా పెద్దడాక్టరుగారు నా గురించి ఒక కథ చెప్పారు. పామర్రు దగ్గరి ఊళ్ళో లెక్కల టీచరు ఒకావిడ తిండి ఆపుకోలేని జబ్బుతో బాధపడుతుంటే, నేను నా క్రమశిక్షణతో ఆమెను దారిలో పెట్టానన్నారు. ఆమె బాగుపడిన మాట నిజం. నేను బాగుచేశానన్నది అబద్ధం. నేను చేసింది వేరే ఉంది. ఆ లెక్క సరిచేయడానికే ఈ నాలుగు కాగితాలు. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు మార్చి పద్మావతిగారు అంటాను. "పేరు మార్చండి సార్, లెక్కల టీచరునన్నది మాత్రం మార్చకండి" అన్నారామె. ఎందుకన్నారో చివరికి మీకే తెలుస్తుంది.

మా పని

మా పని గురించి ముందు కాస్త చెప్పాలి. డైటీషియన్ అంటే చార్టు రాసిచ్చేవాడని అందరూ అనుకుంటారు. పొద్దున రెండు ఇడ్లీ, పదకొండింటికి మజ్జిగ, మధ్యాహ్నం కప్పు అన్నం. అచ్చు వేయించిన కాగితం మీద పేరు రాసి, ఒకటి రెండుచోట్ల టిక్కు పెడితే అయిపోతుంది. పేషెంటు దాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తాడు. వారం తర్వాత దాని మీద పాలవాడి ఫోన్ నంబరు ఉంటుంది.

కృష్ణా జిల్లాలో ఒకరికి తిండి తగ్గించమని చెప్పడం ఎంత విసుగు పుట్టించే పనో చేసినవాళ్ళకే తెలుసు. పేషెంటుతోపాటు నలుగురు వస్తారు. నలుగురూ నాకు చార్టు చెబుతారు. "మా ఇంట్లో నూనె చుక్క వాడమండీ" అంటారు, పేషెంటు చేతి వేళ్ళకి ఆవకాయ వాసన వస్తూనే ఉంటుంది. పెళ్ళి భోజనంలో వద్దన్నకొద్దీ వడ్డించేవాళ్ళే సోమవారం వచ్చి, "చూడండి సార్, ఈయన నోరు కట్టుకోడు" అని ఫిర్యాదు చేస్తారు. పెట్టేదీ వాళ్ళే, తిట్టేదీ వాళ్ళే.

ఇంకో సంగతి. మగవాడు ఎక్కువ తింటే మన దగ్గర అదో ముచ్చట. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీ యజమాని వచ్చేవాడు. "పొద్దుటినుంచి ఖాళీ కడుపుతో తిరిగానంటే, ఆ తర్వాత కూర్చున్నాక నేను మనిషిని కాదు సార్. హోటలువాడు నా మొహం చూసి స్టవ్ ఆర్పేస్తాడు" అని గొప్పగా చెప్పేవాడు. వెంట వచ్చినవాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వాను. పద్మావతిగారి జబ్బు గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది. పొద్దుటినుంచి ఖాళీ కడుపు, తర్వాత ఆగకపోవడం. అదే మాట ఒక ఆడమనిషి తల వంచుకుని చెప్పినప్పుడు నేను నవ్వలేదు. తిట్టాను.

పెద్దడాక్టరుగారు

ఆయన చెడ్డ మనిషి కాదు. నేను చేరిన కొత్తలో కిడ్నీ పేషెంట్లకి ఉప్పులేని తిండి రాసిస్తుంటే చూసి, "ఏమయ్యా, ఇది నువ్వు తిన్నావా ఎప్పుడైనా?" అన్నారు.

"లేదండీ."

"మూడు రోజులు తిని రా. అప్పుడు రాయి."

తిన్నాను. అంటే, రెండు పూటలు తిన్నాను. మూడో పూట క్యాంటీన్ వెనక, సైకిలు స్టాండు దగ్గర నిలబడి, పేషెంట్లెవరూ చూడకుండా నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాను. వేడికి నాలుక కాలింది, అయినా నమలకుండానే మింగాను. నాలుగూ అయ్యాక ఇంకో నాలుగు తెచ్చుకున్నాను. తర్వాత నోరు కడుక్కుని ఆయన గదికి వెళ్ళి, "కష్టమే కానీ, మనసుంటే చేయొచ్చండీ" అని చెప్పాను. ఆయన మెచ్చుకున్నారు.

రెండు పూటలు నోరు కట్టేస్తే మూడో పూట ఏమవుతుందో, ఆ తర్వాత అబద్ధం ఎంత సులువుగా వస్తుందో నా నాలుక మీదే రాసి ఉంది. దాన్ని నేను పాఠంగా కాక తమాషాగా దాచుకున్నాను. ఇరవై ఏళ్ళపాటు ఫంక్షన్లలో చెప్పి నవ్వించాను కూడా.

పెద్దడాక్టరుగారికి ఒక బలహీనత ఉండేది. ఫలితాలు కావాలి, అవి వరండా బోర్డు మీద అంకెల్లో కనిపించాలి. "ఏమయ్యా డైటూ, మీవాళ్ళు ఈ నెల ఎంత తగ్గారు?" అని రౌండ్స్‌లో అందరి ముందూ అడిగేవారు. వరండాలో తూకం మిషను పెట్టించారు. ఆయా పేషెంటును ఎక్కించి, ముల్లు నిలబడగానే "ఎనభై ఒకటిన్నరండీ" అని లోపల ఉన్న నాకు వినబడేలా కేకేసేది. బెంచీల మీద కూర్చున్న ముప్పై మందికీ వినబడేది. సిగ్గుతోనైనా తగ్గుతారని నా అభిప్రాయం. సిగ్గుపడితే జనం తిండి తగ్గించరు, దాచుకుని తింటారు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఒంటిపూటలు

పద్మావతిగారు మొదటిసారి వచ్చినప్పుడు నలభై రెండేళ్ళు. షుగర్ కొత్తగా బయటపడింది. భర్త సుబ్బారావుగారు పామర్రులో విత్తనాల కొట్టు నడుపుతారు. ఒక కూతురు. మనిషి నీటుగా, ముక్తసరిగా ఉండేవారు. నేను ఇచ్చిన నోటుపుస్తకానికి అట్ట వేసుకుని, స్కేలుతో గళ్ళు గీసుకుని తెచ్చారు. రోజూ ఏం తిన్నారో అందులో రాయాలి. నేను ఎర్రపెన్నుతో దిద్దుతాను. అది నా పద్ధతి. పేషెంట్లు నన్ను వెనకాల "ఎర్రపెన్ను సారు" అనేవారు. నాకు తెలుసు, గర్వంగా కూడా ఉండేది.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ సుబ్బారావుగారిని మందులు తెమ్మని పంపించి, తలుపు వైపు చూసి, "సార్, ఒక్కోసారి నాకు ఆగదండీ" అన్నారు.

"ఏం ఆగదమ్మా?"

"తిండి. మొదలుపెడితే ఆగదు. ఆకలి కాదండీ అది."

"ఆకలి కాకపోతే తినడం ఎందుకు? మీరే నలుగురికి చెప్పే మనిషి. మనసు గట్టి చేసుకోవాలి."

"గట్టిగానే ఉంటానండీ. రెండు రోజులు ఉంటాను. మూడో రోజు..."

"ఆ మూడో రోజు కూడా ఉండండి. అంతే."

ఇంత సులువుగా తేల్చేశాను. అప్పటికి బెంచీ మీద ఇరవై మంది ఉన్నారు.

ఆపైన నాకు ఒక ఉపాయం తట్టింది. మన ఇళ్ళలో శనివారం ఒంటిపూట ఉండటం మామూలే. మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం ఏదో పలహారంతో సరిపెట్టుకుంటారు. డైటింగ్ అంటే ఎగతాళి చేసే బంధువులు ఒంటిపూట అంటే గౌరవిస్తారు. ఎవరూ బలవంతంగా వడ్డించరు. మరి దాన్నెందుకు వాడుకోకూడదు? శనివారం ఉండమన్నాను. బరువు కాస్త దిగింది. సోమవారం కూడా ఉండమన్నాను. ఇంకాస్త దిగింది. గురువారం కలిపాను. వారంలో మూడు రోజులు. పెద్దడాక్టరుగారు బోర్డు చూసి, "శభాష్, మన సంప్రదాయంలోనే ఉందయ్యా వైద్యం" అన్నారు. ఆ మాటతో గర్వంతో నాకు కళ్ళు కనిపించలేదు. ఆసుపత్రి కరపత్రంలో నా పద్ధతి గురించి నాలుగు వాక్యాలు వేశారు.

ఆమె షుగర్ మాత్రలు మాత్రం అలాగే ఉన్నాయి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుందని నాకు తెలుసు, మా చదువులో మొదటి ఏడే చెబుతారు. ఈమె వారానికి మూడు ఒంటిపూటలుంటున్నారని పెద్దడాక్టరుగారికి విడిగా చెప్పి మాత్రలు మార్పించాల్సింది నేను. "బోర్డు మీద చూశారుగా, ఆయనకు తెలిసే ఉంటుంది" అనుకున్నాను. ఆయన "మాత్రలు మార్చాల్సి ఉంటే డైటే వచ్చి చెబుతాడు" అనుకున్నారు. ఆసుపత్రుల్లో సగం ప్రమాదాలు ఈ రెండు అనుకోవడాల మధ్య జరుగుతాయి. మీరు మాత్రం అనుకోకండి, వెళ్ళి చెప్పండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆ పేజీ

మూడో నెలలో ఆమె నోటుపుస్తకంలో ఒక మంగళవారం పేజీ ఇలా ఉంది. నాకు కంఠస్థం.

"సాయంత్రం 4.20 నుంచి 5 వరకు. పొద్దుటి అన్నం గిన్నెలో మిగిలిందంతా, ఆవకాయతో. జంతికలు అర డబ్బా. బెల్లం, ఎన్ని ముక్కలో లెక్కపెట్టలేదు. అమ్మాయి బిస్కెట్లు రెండు పాకెట్లు. నిలబడే తిన్నాను. భుజం మీద బ్యాగు కూడా తీయలేదు. కడుపు నొప్పి వచ్చాక కూడా తిన్నాను. పాకెట్లు చెత్తబుట్టలో అడుగున పెట్టాను. ఎందుకిలా చేస్తున్నానో తెలియడం లేదు. మీరు చెబుతారని రాస్తున్నాను."

ఒక పేషెంటు డైటీషియన్‌కి ఇంతకంటే నిజం ఇవ్వలేరు. టైము ఉంది, ముందురోజు ఒంటిపూట అని ముందు పేజీలో ఉంది, ఇల్లు ఖాళీగా ఉండే వేళ అని తెలుస్తోంది. చదవడం వచ్చినవాడికి జబ్బు, కారణం, మందు మూడూ అందులోనే ఉన్నాయి.

నేను ఎర్రపెన్నుతో పేజీని ఈ మూల నుంచి ఆ మూలకి కొట్టేశాను. కింద ఇలా రాశాను: "లెక్కల టీచరుకి లెక్కపెట్టడం రాదా? ఇలాంటి పేజీ మళ్ళీ కనిపించకూడదు."

మళ్ళీ కనిపించలేదు. ఆ తర్వాత ప్రతి పేజీ ముత్యాల్లాంటి అక్షరాలతో నా చార్టుకి నకలులా ఉండేది. సాయంత్రం నాలుగున్నర ఎదురుగా "మజ్జిగ, ఒక గ్లాసు" అని ఉండేది. నేను టిక్కులు పెట్టాను.

ఫైల్లో ఒక వాక్యం

కార్తీకమాసం వచ్చింది. కార్తీక సోమవారాలు చుక్కలు చూసేదాకా ఏమీ తినరు. "మంచి అవకాశమమ్మా, ఈ నెల గట్టిగా పడితే రెండు కిలోలు దిగుతారు" అన్నాను. ఇది నేనే అన్నాను, నా నోటితో.

రెండో సోమవారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ పడిపోయారామె. పిల్లలు ముందు ఆమె రాసిన అంకెలు వరస తప్పడం చూశారట. "మేడమ్, ఏడు తలకిందులుగా వేశారు" అని ఒకమ్మాయి అంటుండగానే టేబులు అంచు మీదికి ఒరిగారు. కనుబొమ మీద అయిదు కుట్లు పడ్డాయి. తోటి టీచరుకి షుగర్ ఉండబట్టి, ఆమె బ్యాగులోని గ్లూకోజు నీళ్ళలో కలిపి చెంచాతో పట్టబట్టి సరిపోయింది. తర్వాత మా ఆసుపత్రికే తీసుకొచ్చారు.

సుబ్బారావుగారు నా గదికి వచ్చారు. కోపంగా రాలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "ఎక్కడ తప్పు జరిగిందండీ?" అన్నారు.

ఆయన అలా అడిగినందుకు నాకు ఇప్పటికీ విసుగే. కేకలు వేసి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణేమో. అంత మర్యాదగా అడిగేసరికి అబద్ధానికి చోటు దొరికింది. ఫైలు తీసి రాశాను: "పేషెంటు పథ్యం పాటించడం లేదు. ఇంట్లో దాచుకుని తింటున్నట్టు తెలిసింది." కొట్టేసిన మంగళవారం పేజీ నాకు గుర్తుంది కదా, దాన్ని అక్కడ వాడుకున్నాను. ఆమె నమ్మి చెప్పిన మాటను ఆమె మీదే సాక్ష్యంగా పెట్టాను. ఒంటిపూటల గురించి ఒక్క అక్షరం రాయలేదు.

ఆ వాక్యం డిశ్చార్జి కాగితంలోకి ఎక్కింది. ఆ కాగితం పామర్రు వెళ్ళింది. సుబ్బారావుగారు రెండుసార్లు చదువుకుని, బజారుకి వెళ్ళి తాళంకప్ప కొనుక్కొచ్చి వంటింటి అలమరకు వేశారు. కోపంతో కాదు, భార్య బతకాలని. డాక్టర్లు రాసిచ్చిన మందు ఎంత శ్రద్ధగా తెచ్చేవారో అదీ అంతే శ్రద్ధగా తెచ్చారు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. పదేళ్ళ కూతురు, "అమ్మా, నీకేమైనా కావాలా, నాన్నని అడగనా?" అనేదట. ఇది నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

మాధవి గది

పద్మావతిగారు మళ్ళీ నా గదికి రాలేదు. మెట్లకింద చిన్న గదిలో కూర్చునే మాధవి దగ్గరికి వెళ్ళారు. మాధవి అప్పుడే డైటీషియన్‌గా చేరిన అమ్మాయి. కూచిపూడి పక్క ఊరు, సన్నగా ఉండేది, ఎవరికీ భయపడేది కాదు. ఆమె గదిలో తూకం మిషను లేదు.

ఆమె ముందు పెద్దడాక్టరుగారికి ఒంటిపూటల సంగతి చెప్పి మాత్రలు మార్పించింది. ఆయన నన్ను పిలిచి ఏమీ అనలేదు. అది ఆయనకీ తగిలే సంగతి. తర్వాత పద్మావతిగారిని ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపింది, నెలకి రెండుసార్లు. ఇక తన చార్టు: రోజుకి ఆరుసార్లు తినాలి. గడియారం చూసి. ఆకలి లేకపోయినా, ముందురోజు ఎంత తిన్నా, బాధగా ఉన్నా సరే. సాయంత్రం బడి నుంచి రాగానే, ఆగని తిండి మొదలయ్యే ఆ నాలుగింటికే, కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని, ఉడికించిన వేరుశనగలు, ఒక పండు.

నేను క్యాంటీన్లో నలుగురి ముందు, "తినేవాళ్ళని తినమనడానికి డిగ్రీ ఎందుకమ్మా? మా అమ్మమ్మ చెప్పేది" అన్నాను.

"మీ అమ్మమ్మగారు ఉంటే మన ఆసుపత్రిలో ఉద్యోగం వేయించండి సార్, నాకు పని తగ్గుద్ది" అంది.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. కాసేపటికి ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా, "సార్, పస్తు పెట్టినకొద్దీ ఎక్కువవుద్దండీ ఇది. ముందు పస్తు ఆపాలి. ఆవిడకి నోరు అదుపులో లేక కాదు" అంది. "సరేలే, చూద్దాం" అన్నాను, సాంబారు కలుపుకుంటూ.

చూశాను. రెండేళ్ళకు పైనే పట్టింది. గీత గీసినట్టు జరగలేదు. రెండు నెలలు బాగుండి, బావగారి ఇంట్లో పెళ్ళి తర్వాత మూడు రోజులు వరసగా ఆగకుండా తిన్నారట. మాధవి ఇచ్చిన నోటుపుస్తకంలో ఏం తిన్నారన్న గడి లేదు. "దానికి ముందు ఏం జరిగింది" అన్న గడి ఉంది. ఆ మూడు రోజులూ పద్మావతిగారు రాసుకొచ్చారు. మాధవి చదివి, పెన్ను ముట్టకుండా, "మరి నాలుగో రోజు పొద్దున టిఫిన్ తిన్నారా?" అని మాత్రం అడిగింది. తిన్నారు. "అదే కావాలి" అంది. ఒకరోజు ఆగకపోతే మర్నాడు శిక్షగా పస్తుండకూడదన్నది ఆ వైద్యంలో సగం. నేను ఆ గది బయట, మెట్ల దగ్గర, ఫోన్ చూస్తున్నట్టు నిలబడి విన్నాను. సీనియర్‌ని కదా, లోపలికి వెళ్ళి నేర్చుకోవడానికి నామోషీ.

బరువు పెద్దగా తగ్గలేదు. అది కూడా రాయాలి. అయిదారు కిలోలేమో. షుగర్ అదుపులోకి వచ్చింది, ఆగని తిండి ముందు వారానికి, తర్వాత నెలకి, ఆపైన పండక్కో పబ్బానికో అయింది. ఇప్పుడు రెండేళ్ళుగా లేదు. బోర్డు మీద వేసుకోవడానికి మాత్రం అందులో ఏమీ లేదు.

శాలువా

వీడ్కోలు సభలో పెద్దడాక్టరుగారు ఆ కథ చెబుతుంటే మూడో వరసలో మాధవి పళ్ళెంలో స్వీటు పెట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. చప్పట్లు కొట్టింది. నేను శాలువా కప్పించుకుని, మైకు తీసుకుని, "అంతా మీ అందరి సహకారం" అన్నాను. నోరు తెరిచి రెండు వాక్యాలు చెబితే అయిపోయేది. చెప్పలేదు.

దిగి వచ్చాక ఆమె దగ్గరికి వెళ్ళి, "ఆ కథ..." అన్నాను.

"పోనీండి సార్. పేరెవరికొస్తే ఏంటి," అంది. లేచి వెళ్ళబోతూ ఆగింది. "వాళ్ళింట్లో అలమరకి ఇంకా తాళం ఉంది. ఆ తాళం వల్లే తగ్గిందని వాళ్ళాయన అందరికీ చెప్తాడంట. ఆవిడ ఇప్పటికీ నాలుగింటికి చెయ్యి చాపి తాళంచెవి అడుక్కోవాల. అది తీయించగలిగింది మీరొక్కరే. రాసింది మీరే కదా."

పామర్రులో

రెండో శనివారం, బడికి సెలవు చూసుకుని బస్సెక్కాను. మూడు దాటాక వాళ్ళింటికి చేరాను. సుబ్బారావుగారు కొట్టు నుంచి భోజనానికి వచ్చి ఇంట్లోనే ఉన్నారు, నాలుగింటికి అలమర తీసిచ్చాకే మళ్ళీ వెళ్తారట. నన్ను చూసి కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి, "మీరు రాసిన కాగితమేనండీ మా ఇంటిని నిలబెట్టింది" అన్నారు. పద్మావతిగారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. కనుబొమ మీద గీత కనిపిస్తోంది.

"ఆ కాగితం గురించే వచ్చానండీ. అందులో నేను రాసింది తప్పు" అన్నాను.

"ఏది?"

"మీ ఆవిడ దాచుకుని తినబట్టి పడిపోయారని రాశాను. కాదు. వారానికి మూడు రోజులు పస్తుండమన్నది నేను. మాత్రలు మార్పించకుండా కార్తీక సోమవారాలు ఉండమన్నది నేను. ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టు చేయబట్టే పడిపోయారు."

ఆయన, "మరి దాచుకుని తినడం?" అన్నారు.

"అది జబ్బండీ. నేను పెట్టిన పస్తులతో ముదిరింది. ఆవిడే ముందు నాకు రాసి చూపించారు. నేను కొట్టేశాను."

"మరి కాగితం మీద అట్లా ఎందుకు రాశారు?"

"భయమేసిందండీ."

"ఎవరికేమవుద్దని?"

"నాకు."

ఆయన నా మొహం చూడలేదు. మొలకి ఉన్న తాళంచెవిని వేళ్ళతో తడుముకుంటూ, "ఏడేళ్ళండీ," అన్నారు. "మా అమ్మాయి చేత కూడా అడిగించుకున్నాను." తర్వాత నా మీద కాక గోడ మీద విసుక్కున్నట్టు, "అయినా తాళం వేశాకే కదా తగ్గింది" అన్నారు.

"తాళం వేశాక బడిలో తిన్నానండీ," అన్నారు పద్మావతిగారు. గొంతు పెంచలేదు. "స్టాఫ్ రూములో. ఏడాది. మాధవి మేడమ్‌కి తెలుసు. మీకు చెప్తే ఇంకో తాళం కొనేవారు."

ఆమె లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టారు. అట్ట ఇంకా ఊడలేదు. ఆ మూల నుంచి ఈ మూలకి నా ఎర్రగీత. కింద నా దస్తూరీ. "లెక్కపెట్టడం వచ్చు సార్ నాకు," అన్నారామె. "ఆ రోజు బెల్లం ముక్కలు పద్నాలుగు. రాయడానికి సిగ్గేసి లెక్కపెట్టలేదని రాశాను. అంత సిగ్గులో కూడా మిగతాదంతా రాశాను. మీరు అది చూడలేదు."

క్షమించమన్నాను. ఆమె గోడ గడియారం చూశారు.

"నాలుగైంది," అన్నారు.

చెయ్యి చాపలేదు. అలా నిలబడ్డారు. సుబ్బారావుగారు కాసేపు చూసి, అర్థమై, మొలతాడు నుంచి తాళంచెవి విప్పబోయారు. ముడి బిగుసుకుపోయింది, రాలేదు. పళ్ళతో లాగి విప్పి ఆమె చేతిలో పెట్టారు. ఆమె వంటింట్లోకి వెళ్ళారు. తాళం తీసిన చప్పుడు, తర్వాత గిన్నెల చప్పుడు. మూడు పళ్ళేల్లో ఉడికించిన వేరుశనగలు, తలా ఒక జామకాయ తెచ్చారు. మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్క కాయ ఒలుచుకుని, తొందర లేకుండా తిన్నారు. నేనూ తిన్నాను. సుబ్బారావుగారు పళ్ళెం ముట్టుకోలేదు.

"తినండి," అన్నారామె ఆయనతో. "లెక్కపెట్టి పెట్టాను."

ఆయన ఒక కాయ తీసుకున్నారు.

బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె నోటుపుస్తకం ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వలేదు, అది తనదట. చేతిలో తాళంకప్ప పెట్టారు, చెవితో సహా.

"ఇది మీది సార్," అన్నారు.

బస్సులో దాన్ని జేబులో పెట్టుకుంటే బరువుకి చొక్కా ఒక పక్కకి లాగింది. ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఈ కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా దాన్నే పైన పెట్టుకుని రాస్తున్నాను. మీలో ఎవరైనా నా దగ్గరికి వస్తే, ముందు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. తర్వాత చార్టుల గురించి మాట్లాడుకుందాం.